గీజరుకు జబ్బు చేస్తే

పిల్లలూ! మీ తాతగారి ఇంటి పెరట్లో నీళ్ళ కాగు ఎప్పుడైనా చూశారా? మా చిన్నతనంలో కోనసీమలో ఏ ఇంటికి వెళ్ళినా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిపట్టిన రాగి కాగు కనిపించేవి. ఎండిన కొబ్బరి డొక్కలు, మట్టలు పొయ్యిలోకి ఎగదోస్తే కాసేపటికి నీళ్ళు సలసలా కాగేవి. ఆ పొయ్యికి జబ్బు చేస్తే కనిపెట్టడం ఎంతో తేలిక. మంట లేకపోతే నీళ్ళు కాగవు. కళ్ళు మండేలా పొగ వస్తే డొక్కలు పచ్చివన్నమాట. సంగతంతా కంటి ఎదుటే ఉంటుంది.

ఇప్పుడు ఆ కాగు పోయి స్నానాలగది గోడ మీదికి గీజరు వచ్చింది. ఇందులో మంట కనబడదు, పొగ రాదు. తెల్లటి డబ్బా, ఒక ఎర్ర దీపం, రెండు గొట్టాలు, అంతే. మరి దీనికి జబ్బు చేస్తే ఎలా తెలుస్తుంది?

"నీళ్ళు కాగకపోతే చెడిపోయినట్టే కదండీ మాస్టారూ!" అంటారు మీరు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాని కిందటి ధనుర్మాసంలో మా ఇంటి గీజరు నాకో పాఠం చెప్పింది. ఒకరోజు తెల్లవారుజామున మా ఆవిడ వచ్చి, "ఏవండీ, వేడినీళ్ళ కుళాయి తిప్పుతుంటే వేళ్ళకి చీమ కుట్టినట్టుంటోందండీ" అంది. చలికి వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయిలే అన్నాను. మర్నాడు నేను తిప్పాను. నిజమే, చురుక్కుమంది! నీళ్ళు మాత్రం ఏ లోపమూ లేకుండా పొగలు కక్కుతూ వస్తున్నాయి. వెంటనే బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, స్విచ్ కట్టేసి ప్లగ్గు ఊడబీకాను. ఆ పూట ఇంటిల్లిపాదికీ చన్నీళ్ళ స్నానాలే.

నీళ్ళు బాగా కాచే గీజరుకు జబ్బేమిటి? ఇది అర్థం కావాలంటే గీజరును రెండు ప్రశ్నలు అడగాలి. మొదటిది: విద్యుత్తు వెళ్ళవలసిన దారిన వెళుతోందా? రెండోది: వెళ్ళకూడని దారిన ఏమైనా వెళుతోందా? మొదటి ప్రశ్నకు "లేదు" అని జవాబు వస్తే మనకు వేడినీళ్ళు ఉండవు. రెండో ప్రశ్నకు "అవును" అని వస్తే ప్రాణానికే ముప్పు. చాలామంది మొదటి ప్రశ్న అడిగి ఊరుకుంటారు.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేది మీరు స్క్రూడ్రైవరు పుచ్చుకుని గీజరు విప్పడానికి కాదు. విప్పేది పని తెలిసిన ఎలక్ట్రీషియను. ఆయన ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో పక్కన నిలబడి మీకు తెలియాలి. తోస్తే ఒక ప్రశ్న కూడా వేయగలగాలి.

వెళ్ళవలసిన దారి

గీజరు లోపల ఉన్నది ఒక ట్యాంకు. దాని చుట్టూ వేడి బయటికి పోకుండా నురుగులాంటి పదార్థపు దుప్పటి. ట్యాంకు లోపల నీళ్ళలో మునిగి ఉండే ఎలిమెంటు. దాని నిర్మాణం తమాషాగా ఉంటుంది. మధ్యలో చుట్టలు చుట్టిన నిక్రోము తీగ, పైన లోహపు గొట్టం, ఈ రెంటి మధ్యా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడు పొడి. ఆ పొడి వేడిని సులువుగా పోనిస్తుంది గాని విద్యుత్తును పోనివ్వదు. తీగలో విద్యుత్తు, గొట్టం బయట నీళ్ళు, మధ్యన ఆ తెల్లపొడి గోడ. మన ప్రాణాలకు అడ్డుగా నిలిచేది ఆ గోడే.

ఇక దారి సంగతి. ఫేజు తీగ ద్వారా వచ్చిన విద్యుత్తు ముందు థర్మల్ కటౌట్‌లో, తరువాత థర్మోస్టాట్‌లో, ఆపైన ఎలిమెంటులో ప్రవహించి న్యూట్రలు తీగ ద్వారా తిరిగి వెళుతుంది. థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి దానంతటదే తెరుచుకుని మూసుకునే స్విచ్. నీళ్ళు మనం పెట్టిన వేడికి రాగానే వలయాన్ని తెంచుతుంది, చల్లబడగానే కలుపుతుంది. ఒకవేళ అది మొరాయించి తెంచకపోతే? అందుకే వెనక ఇంకో కాపలాదారు, కటౌట్. నీళ్ళు మరీ వేడెక్కితే అది తెంచేస్తుంది. ఎర్ర దీపం చాలా గీజర్లలో ఎలిమెంటుకు సమాంతరంగా ఉంటుంది.

ఈ మాత్రం బొమ్మ మనసులో ఉంటే సగం రోగనిర్ణయం కూర్చున్నచోటే చేయవచ్చు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, దీపం వెలుగుతోంది. అంటే విద్యుత్తు ఎలిమెంటు గుమ్మం దాకా వచ్చింది, లోపలికి వెళ్ళలేదు. ఎలిమెంటు తీగ తెగి ఉండాలి. నీళ్ళు చల్లగా ఉన్నాయి, దీపమూ వెలగడం లేదు. అప్పుడు ఎలిమెంటును అనుమానించే ముందు సాకెట్‌లో కరెంటు ఉందా, కటౌట్ తెంచిందా, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందా అని చూడాలి. నీళ్ళు వేడిగా ఉన్నాయి, దీపం ఆరిపోయింది. ఇది జబ్బే కాదు! థర్మోస్టాట్ తన పని తాను చేసింది. దీపం ఆరిపోయిందని మెకానిక్కుకు కబురు పెట్టిన పెద్దమనుషులు నాకు తెలుసు.

కంటితో తేలనిది మీటరుతో తేలుతుంది. పదో తరగతిలో ఓమ్ నియమం చదివారుగా. 2000 వాట్ల ఎలిమెంటు, 230 వోల్టులు. నిరోధం ఎంత? వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగించండి. 52,900ను 2000తో భాగిస్తే సుమారు 26 ఓములు. విద్యుత్ ప్రవాహం 8.7 ఆంపియర్లు. ప్లగ్గు ఊడదీసి, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు దాని రెండు చిన్న పిన్నుల మధ్య మల్టీమీటరు పెడితే 26 దగ్గర చూపించాలి. చూపిస్తే దారి మొత్తం బాగున్నట్టే. అనంతం చూపిస్తే ఎక్కడో తెగింది. అప్పుడు ఎలక్ట్రీషియను మూత విప్పి నేరుగా ఎలిమెంటు కొసల మధ్య కొలుస్తాడు. అక్కడ 26 వస్తే ఎలిమెంటు నిర్దోషి, తప్పు అంతకు ముందున్న భాగాల్లో ఉంది. ఇలా దారిని సగానికి సగం కోసుకుంటూ వెళితే రెండు మూడు కొలతల్లో దొంగ దొరుకుతాడు. కొలవకుండానే "ఎలిమెంటు పోయిందండి, మార్చేద్దామండి" అనేవాడి మాట నమ్మకండి.

ఒక్కోసారి దారి తెగదు గాని సన్నబడుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇత్తడి పిన్నులకు పచ్చగా చిలుము పట్టడం మీరు చూసే ఉంటారు. అలాంటి పిన్ను సాకెట్‌లో వదులుగా కూర్చుని అరఓము నిరోధం ఇచ్చిందనుకోండి. అరఓమే కదా అని తీసిపారేయకండి. 8.7ను 8.7తో గుణించి అందులో సగం తీసుకోండి. దాదాపు 38 వాట్లు. రేడియోలు బాగుచేసేవాళ్ళు సీసం కరిగించే కడ్డీ 25 వాట్లది! అంతకంటే ఎక్కువ వేడి ఆ పిన్ను దగ్గర పుడుతుంటే ప్లగ్గు నల్లబడి, కాలిన వాసన రాక ఏమవుతుంది?

తప్పు గీజరుది కాకపోతే

ఈ మధ్య సంక్రాంతికి రాజోలు వైపు మా వియ్యంకులవారి ఊరు వెళ్ళాం. ఇంటినిండా చుట్టాలు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళివచ్చి, దుమ్ము కొట్టుకున్న ఒళ్ళతో అందరూ స్నానాలకు వరసగట్టారు. గీజరు చూస్తే ఎంతకీ కాగదు. "బావగారూ, మీరు సైన్సు మాస్టారు కదా, దీని సంగతేదో చూడండి" అన్నారు ఆయన. అప్పటికే ఎవరో వచ్చి ఎలిమెంటు మార్చాలని చెప్పి వెళ్ళారట.

ప్లగ్గు పిన్నుల మధ్య కొలిపించాను. 26 ఓములు. ఎలిమెంటు రాయిలా ఉంది. తరువాత ఆ ఇంటి ఎలక్ట్రీషియను సాకెట్‌లో వోల్టులు చూశాడు. 180! ఊరంతా ఒకేసారి మోటార్లు, గీజర్లు వేసుకునే వేళ అది. ఇప్పుడు లెక్క కట్టండి. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి 15ను 4200తోను, 35తోను గుణిస్తే సుమారు 22 లక్షల జౌళ్ళు కావాలి. 2000 వాట్ల మీద అది 18 నిమిషాల పని. 180 వోల్టుల దగ్గర ఆ ఎలిమెంటు ఇచ్చేది 180 వర్గాన్ని 26.45తో భాగించినంత, అంటే 1225 వాట్లే. పని పూర్తికావడానికి సరిగ్గా 30 నిమిషాలు! వోల్టేజి తగ్గింది అయిదో వంతు కంటే కాస్త ఎక్కువ, వేడి తగ్గింది దాదాపు అయిదింట రెండు వంతులు. వర్గం చేసే మాయ అది. ఎలిమెంటు మార్చినా అంతే కాగేది, డబ్బులు మాత్రం పోయేవి.

ఇంకో అపోహ కూడా ఉంది. ఎలిమెంటుకు సున్నం పొర కడితే నీళ్ళు ఆలస్యంగా కాగుతాయంటారు. ఒక్క క్షణం ఆలోచించండి. ఎలిమెంటు నీళ్ళలోనే మునిగి ఉంది. అందులో పుట్టిన వేడి నీళ్ళలోకి కాక ఎక్కడికి పోతుంది? కాకపోతే ఆ పొర వేడిని అడ్డుకోవడం వల్ల, అదే వేడి బయటికి రావాలంటే ఎలిమెంటు మామూలు కంటే బాగా ఎక్కువ వేడెక్కాలి. దాంతో గొట్టం చిట్లుతుంది, తీగ తెగుతుంది. పొర చేసే అసలు చేటు ఆలస్యం కాదు, ఆయుర్దాయం తగ్గించడం.

కటౌట్ గురించి ఒక కఠినమైన మాట చెప్పాలి. అది మాటిమాటికీ తెంచుతుంటే విసుగెత్తి, దాని రెండు కొసల మధ్య ముక్క తీగ కలిపి "డైరెక్టు చేసేశానండి" అని వెళ్ళిపోయేవాళ్ళున్నారు. కటౌట్ తెంచడం జబ్బు కాదు, జ్వరం లాంటి సూచన. థర్మోస్టాట్ కొసలు అతుక్కుపోయి ఉండవచ్చు. కాపలాదారుణ్ణి కట్టేసి దొంగను వదిలేస్తే ఏమవుతుంది? 25 నుంచి 60 డిగ్రీలకు వెళ్ళేసరికే 15 లీటర్ల నీళ్ళు ఒక గ్లాసుడు పైగా వ్యాకోచిస్తాయి. ఆవిరే అయితే, మామూలు వాతావరణ పీడనం దగ్గర నీటికంటే సుమారు 1600 రెట్లు చోటు కోరుతుంది. గీజరు కింద ఉండే పీడన కవాటం కూడా తుప్పుపట్టి బిగిసి ఉంటే ఆ ట్యాంకు పేలక తప్పదు.

వెళ్ళకూడని దారి

ఇక మా ఇంటికి వద్దాం. ఆ రోజు మధ్యాహ్నం నా పాత విద్యార్థి ఒకడు, ఇప్పుడు అమలాపురంలో ఎలక్ట్రీషియను, మీటరు పట్టుకుని వచ్చాడు. ప్లగ్గు పిన్నుల మధ్య కొలిచి, "26 ఓములండి మాస్టారూ, ఎలిమెంటు బ్రహ్మాండంగా ఉందండి" అన్నాడు. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది. రెండోది అడగమన్నాను. చిన్న పిన్నుకూ, లావుపాటి ఎర్తు పిన్నుకూ మధ్య మీటరు పెట్టాడు. అక్కడ లక్షల ఓములు, నిజానికి అనంతం, చూపించాలి. 4600 చూపించింది!

ఎలిమెంటు గొట్టంలో ఎక్కడో సూదిమొనంత చిల్లు పడింది. మెగ్నీషియం ఆక్సైడు పొడి తడిని పీల్చుకుంది. గోడ కూలింది. తేలిగ్గా ఉండడానికి మొత్తం 230 వోల్టులూ ఆ 4600 ఓముల మీద పడ్డాయనుకుందాం. లీకయ్యే ప్రవాహం 0.05 ఆంపియరు, అంటే 50 మిల్లీ ఆంపియర్లు.

"ఫ్యూజు ఉందిగా, ఎం.సి.బి. ఉందిగా, అవి కాపాడవా?" అని అడుగుతారు. మా ఇంటి ఎం.సి.బి. 16 ఆంపియర్లది. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మన లీకు అందులో 320వ వంతు. ఎం.సి.బి. దృష్టిలో అది చీమ! కాని మన శరీరం దృష్టిలో? ఒక మిల్లీ ఆంపియరు తగిలితే చురుక్కుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేకపోవచ్చు. 50 కాసేపు గుండె మీదుగా ప్రవహిస్తే గుండె లయ తప్పవచ్చు. ఫ్యూజు, ఎం.సి.బి. కాపాడేది తీగలను. మనుషులను కాదు.

మరి ఆవిడకు చీమ కుట్టినంతే ఎందుకైంది? గీజరుకూ కుళాయికీ మధ్య ఒక మీటరు ప్లాస్టిక్ గొట్టం ఉంది. విద్యుత్తు ఆ గొట్టంలోని నీటి గుండా నడిచి రావాలి. మాకు వచ్చేవి గోదావరి నీళ్ళు, ఉప్పదనం తక్కువ. అరంగుళం గొట్టంలో మీటరు పొడుగు మంచినీటి నిరోధం ఇంచుమించు లక్ష ఓములుంటుంది. అందుచేత వేళ్ళకు తగిలింది సుమారు రెండు మిల్లీ ఆంపియర్లే. అదే సముద్రం చేరువ ఊళ్ళలో ఉప్పటి బోరునీళ్ళయితే? నిరోధం అయిదారు రెట్లు తగ్గుతుంది, ప్రవాహం అయిదారు రెట్లు పెరుగుతుంది. పది మిల్లీ ఆంపియర్ల గీత దాటేయవచ్చు. ఆవిడ చెయ్యి కుళాయికి బదులు గీజరు ఒంటి లోహానికే తగిలి ఉంటే నీటి అడ్డు కూడా ఉండేది కాదు. తడి ఒళ్ళు, కింద తడి నేల. ఆ ఊహ వచ్చి నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. లీకైన విద్యుత్తు ఎర్తు తీగ గుండా భూమిలోకి పోవాలి కదా, కుళాయి దాకా ఎందుకొచ్చింది? మావాడు సాకెట్ దగ్గర వోల్టులు చూశాడు. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య 224. ఫేజుకూ ఎర్తుకూ మధ్య మీటరు నిలకడ లేకుండా ఊగిసలాడింది. సాకెట్ విప్పితే, ఎర్తు తీగ బిగించవలసిన చోటు ఖాళీ! ఇల్లు కట్టిననాడే ఆకుపచ్చ తీగ ముక్కను మడిచి పెట్టెలో కుక్కేశారు. మూడో కన్నం ఉత్త అలంకారం.

అలాంటప్పుడు ఇన్నేళ్ళూ ఏమీ ఎందుకు కాలేదు? దీనికి జవాబు పెరట్లో దొరికింది. రెండేళ్ళ క్రితం దాకా మా ఇంట్లో ఇనుప గొట్టాలుండేవి. అవి గోడలోంచి దిగి నేలలోకి వెళ్ళేవి. ఎవరూ అనుకోకుండానే అవి ఎర్తు తీగ పని చేశాయి. తుప్పుపట్టాయని నేనే వాటిని తీయించి ప్లాస్టిక్ గొట్టాలు వేయించాను. దాంతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఎర్తు పిన్ను ఎందుకు పొడుగ్గా, లావుగా ఉంటుందో ఇరవై ఎనిమిదేళ్ళుగా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతున్నవాణ్ణి, మా ఇంటి సాకెట్ వెనక ఏముందో ఒక్కనాడు చూసిన పాపాన పోలేదు.

ఎలిమెంటు బయటికి తీస్తే వంపు దగ్గర గోధుమరంగు మచ్చ, మధ్యలో చిన్న చిల్లు. దాని పక్కన ఉండవలసిన మెగ్నీషియం కడ్డీ స్థానంలో పుల్లలాంటి ఇనుప ఊచ మిగిలింది. ఈ కడ్డీ కథ తమాషా అయినది. 1824లో హంఫ్రీ డేవీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఓడల అడుగున తాపిన రాగిరేకులు సముద్రపు నీటికి తినివేయబడకుండా, వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించి చూశాడు. చురుకైన ఆ లోహం తాను కరిగిపోతూ రాగిని కాపాడింది. గీజరులో మెగ్నీషియం చేసేదీ అదే. అది కరిగి అయిపోయాక నీళ్ళు ట్యాంకును, గొట్టాలను తినడం మొదలెడతాయి. ఉప్పునీళ్ళయితే మరీ తొందరగా. ఏడాదికోసారి విప్పించి చూసుకుంటే మా గీజరుకు ఈ గతి పట్టేది కాదేమో.

ఇక్కడ ఎలక్ట్రీషియన్లకు తెలిసిన రెండు కిటుకులు మీరూ తెలుసుకోండి. ఒకటి, ఫేజు పిన్నుకూ ఎర్తుకూ మధ్య ఒక్కటే కొలిచి ఊరుకోకూడదు. థర్మోస్టాట్ తెరుచుకుని ఉంటే అటునుంచి ఎలిమెంటు కనబడదు. న్యూట్రలు పిన్నుతో కూడా కొలవాలి. కటౌట్ రెండు తీగలనూ తెంచే రకమైతే ఎలిమెంటు కొసల దగ్గరే కొలవాలి. రెండు, మల్టీమీటరు కొలిచేది చిన్న బ్యాటరీ వోల్టేజితో. అక్కడ బాగున్నట్టు కనిపించిన గోడ 230 దగ్గర కూలవచ్చు. అందుకే 500 వోల్టులతో పరీక్షించే మెగ్గరు అనే సాధనం ఉంది.

మర్నాడు పెరట్లో గొయ్యి తవ్వించి, గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేయించి కొత్త ఎర్తు పెట్టించాను. మన డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది గనుక నేల ఎప్పుడూ చెమ్మగా ఉండి మంచి ఎర్తు దొరుకుతుంది. వట్టికాళ్ళతో నిలబడేవాడికి ఆ చెమ్మే శత్రువు కూడాను. కొందరు గొయ్యి తవ్వే శ్రమ ఎందుకని సాకెట్‌లోనే ఎర్తును న్యూట్రలుకు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రలు తెగిందా, గీజరు ఒళ్ళంతా ఫేజే! ఇది ఎన్నడూ చేయనివ్వకండి.

దాంతోపాటు ఆర్.సి.సి.బి. అనే పరికరం పెట్టించాను. ఫేజులో వెళ్ళిన విద్యుత్తూ, న్యూట్రల్లో తిరిగి వచ్చిన విద్యుత్తూ సమానమేనా అని అది అనుక్షణం లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందా, రెప్పపాటులో తెంచేస్తుంది. ఇలాంటి సాధనాన్ని అమెరికాలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు 1961లో తయారుచేశాడు. మనిషి శరీరం ఎంత విద్యుత్తును తట్టుకోగలదని ఏళ్ళతరబడి పరిశోధించిన మనిషి ఆయన. ఎర్తు కూడా ఉండి, మా 50 మిల్లీ ఆంపియర్ల లీకు దాని కంట పడి ఉంటే ఆవిడకు ఆ చీమ కుట్టేదే కాదు. దాని మీద 'టి' అని రాసిన మీట ఉంటుంది. నెలకోసారి నొక్కి, తెంచుతోందో లేదో చూడాలి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు మా ఆవిడది. నన్ను నమ్మడం మానేసింది.

బళ్ళో ఒక ఆట ఆడండి. రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, రెండు స్విచ్‌లు ఒకే వరసలో కలపండి. ఒక స్విచ్ థర్మోస్టాట్, రెండోది కటౌట్, బల్బే ఎలిమెంటు. మీ స్నేహితుడు చాటుగా ఏదో ఒకచోట కాగితం ముక్క అడ్డం పెట్టాలి. ఇంకో బల్బుకు రెండు తీగలు కట్టి, దాన్ని అక్కడక్కడా తాకిస్తూ రెండు మూడు తాకుళ్ళలో మీరు ఆ చోటు పట్టుకోవాలి. సెల్లులతోనే సుమా, గోడ సాకెట్ జోలికి వెళ్ళవద్దు.

ఆట అయ్యాక ఈ చిక్కు విప్పండి. ఒక ఇంట్లో గీజరు నీళ్ళు మామూలుగానే కాస్తోంది. స్విచ్ వేస్తే కాగుతాయి, ఆపేస్తే ఆగుతాయి. కాని స్విచ్ ఆపేసిన తరువాత కూడా కుళాయి చురుక్కుమంటోంది. ప్లగ్గు ఊడదీస్తే మాత్రం చురుకు ఆగిపోతోంది. ఎలిమెంటుకు చిల్లు పడిందనీ, ఎర్తు లేదనీ మీకు ఎలాగూ తెలుసు. అవి కాక ఆ ఇంట్లో ఇంకో తప్పు ఉంది. స్విచ్‌ను ఫేజులో ఒకసారి, న్యూట్రల్లో ఒకసారి పెట్టి వలయం బొమ్మ గీసి చూడండి.